సీటు కింది మూత

నేను ఒక మూతను. నవ్వకండి. కత్తులూ ఫిరంగులూ తమ కథ చెప్పుకుంటే చెవులు రిక్కించి వింటారు, మూత నోరు తెరిస్తే మాత్రం మీకు ఇకిలింపు వస్తుంది. యుద్ధకాలం నాటి మిలటరీ జీపుకి పెట్రోలు ట్యాంకు మూతను నేను. ఆ జీపులకి ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. పెట్రోలు పొయ్యాలంటే దిగాలి, సీటు ఎత్తాలి, నన్ను తిప్పాలి. అంటే నా బతుకంతా ఎవరో ఒకరి పిరుదుల కిందే గడిచిందన్నమాట. మనుషుల ముఖాలు పెద్దగా చూసింది లేదు గానీ, వాళ్ళ సంగతి ఆ వైపు నుంచీ బాగానే తెలుస్తుంది.

సముద్రాల అవతల ఒక కర్మాగారంలో పుట్టాను. మగవాళ్ళంతా యుద్ధానికి పోతే మిషన్ల దగ్గర ఆడవాళ్ళు నిలబడిన రోజులు. నన్ను అచ్చు గుద్దిన ఆవిడ నా నడినెత్తిన సూదిమొనంత రంధ్రం పొడిచి బుట్టలో పడేసింది. ఆ రంధ్రం ఎందుకో చెబుతాను, కాస్త గుర్తుపెట్టుకోండి. ట్యాంకులోంచి పెట్రోలు ఇంజనుకి పోయేకొద్దీ, ఖాళీ అయినంత మేరా లోపలికి గాలి రావాలి. రాకపోతే పెట్రోలు కదలదు. నూనెడబ్బాకి ఒకటే కన్నం పొడిస్తే నూనె సరిగ్గా రాదని, మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎదురుగా ఇంకోటి పొడుస్తారు చూడండి, అదే సంగతి.

బర్మా వైపు అడవుల్లో నా మీద కూర్చున్న కుర్ర ఆఫీసరు తుపాకి పేలినప్పుడల్లా వణికేవాడు. పైకి మాత్రం పాటలు పాడేవాడు. యుద్ధం ముగిశాక అదే జీపులో దేశాలు తిరిగి, చివరికి వేలంపాటలో తుక్కు సామానుతో కలిపి అమ్ముడుపోయాను. కాఫీతోటల దొర ఒకడు కొన్నాడు, వాడి దగ్గర కలప కంట్రాక్టరు కొన్నాడు. ఇద్దరూ బండిని గాడిదలా వాడారు గానీ, సీటెత్తి నా రబ్బరు అరిగిందా చిరిగిందా అని చూసిన పాపాన పోలేదు. పెట్రోలు పైకి చిందకుండా ఆ రంధ్రానికి అడ్డుండే చిన్న స్ప్రింగు కూడా ఎప్పుడో విరిగిపోయింది. అప్పట్నుంచీ బండి కుదిపినప్పుడల్లా అంచుల్లోంచీ నెత్తి మీది రంధ్రంలోంచీ పెట్రోలు చిందించడం మొదలుపెట్టాను.

ఆ స్థితిలో కోరాడ అప్పలసూరి చేతికి వచ్చాను. పటాలంలో డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి. గుమ్మలపాడులో అందరూ మిలట్రీ సూరి అంటారు. ఊరు కొండల మధ్య లోయలో ఉంది. ఆసుపత్రి ఉన్న పట్నానికి పోవాలంటే దొంగలమెట్ట ఘాటీరోడ్డు ఎక్కి అవతలికి దిగాలి. వాన పడితే దారిలో గెడ్డవాగు పొంగి బస్సు రాదు, జీపైతే దాటగలదు. సూరి జీపు కొన్నది షోకుకి కాదు. భార్య చిలకమ్మకి ఉబ్బసం. ఎప్పుడు ఆయాసం కమ్ముకుంటే అప్పుడు ఆవిడని ఘాటీ దాటించాలి, అంతే ఆయన ఆరాటమంతా.

తీరా చూస్తే ఆవిడ జీపు ఎక్కలేకపోయింది. కారణం నేనే.

"మావా, నీ బండెక్కితే నా పేణం పోతంది. ఆ పెట్రోలు కంపుకే ఊపిరాడ్డం నేదు" అంది మొదటిరోజే, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! మిలట్రీ బండంటే ఆమాత్రం ఉండదేటే?" అన్నాడే గానీ, ఆ సాయంత్రమే సీటెత్తి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పటాలంలో బండి తోలేవాడు వేరు, విప్పేవాడు వేరు. సూరి మంచుకొండల మీద కూడా బండి తోలాడు గానీ, ఎవరూ ఆయన్ని ఒక్క నట్టు విప్పనివ్వలేదు. ఆ కరువంతా నా మీద తీర్చుకున్నాడు. ముందు నా అంచు చుట్టూ బట్టలసబ్బు పామాడు. అది ఎండి రాలిపోయింది. తర్వాత ట్రాక్టరు ట్యూబు కోసి ఉంగరంలా పెట్టాడు. పెట్రోలు తాగి అది నానిన వడలా ఉబ్బింది. ఆఖరికి తోలుముక్కని ఆముదంలో నానబెట్టి, గుండ్రంగా కోసి బిగించాడు. ఆ మనిషి ఓర్పుకి నాకే ముచ్చటేసింది. అంచుల కారుడు టక్కున ఆగింది.

అయినా ఎత్తు ఎక్కినప్పుడు నెత్తిమీంచి చుక్కలు చిందుతూనే ఉన్నాయి. సూరి వేలు పెట్టి తడిమాడు, వాసన చూశాడు. "ఇదా దొంగ! దొరికిసినావు!" అని కేక పెట్టి, కొళాయి గొట్టాలు కారకుండా అంటించే మైనంలాంటి ముద్ద తెచ్చి నా రంధ్రం మీద మెత్తాడు. తెల్లారేసరికి అది రాయిలా బిగుసుకుంది.

ఆ రోజు చిలకమ్మ జీపెక్కి గాలి పీల్చి చూసింది. మళ్ళీ పీల్చింది.

"నేదు మావా! కంపు నేదు!"

సూరి ఆవిడని ఊరంతా తిప్పాడు. ఆవిడ పెళ్ళికూతురిలా సర్దుకు కూర్చుంది. సూరిలా అంత సంతోషంగా నా మీద ఎవరూ ఎప్పుడూ కూర్చోలేదు. నాకూ సంతోషమే, కానీ ఊపిరాడలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఆ మాట ఆయన చెవిన వేసేదెలా? నోరు మూయడానికే పుట్టినదాన్ని, నాకు నోరెక్కడిది?

ఊళ్ళో తిరిగినంతసేపూ బండి బాగానే ఉండేది. సంతకని ఘాటీ ఎక్కితే సగంలో ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే, ఎక్కడో సందులోంచి కాస్త గాలి చేరి మళ్ళీ కదిలేది, మళ్ళీ ఆగేది. సూరి పంపు మార్చాడు, గొట్టాలు ఊదాడు, బంకువాడు నీళ్ళు కలిపాడని తిట్టిపోశాడు. పెట్రోలు పోయించిన వెంటనే మాత్రం బండి పరుగెత్తేది. పొయ్యడానికి నన్ను తీస్తారు కదా మరి! సూరికి అర్థమైంది వేరు. "దీనికి కడుపు నిండుగా ఉండాల, అంతే" అని తేల్చేశాడు. అప్పట్నుంచీ వెనకాల ఒక డబ్బా పెట్రోలు పెట్టుకుని తిరిగేవాడు. అన్నీ విప్పి చూశాడు గానీ, నా జోలికి రాలేదు. "మూత ముట్టుకోకండి, బండి మొత్తానికి బాగున్నదదొక్కటే" అని మెకానిక్కుకి కూడా చెప్పాడు.

శ్రావణమాసంలో ఒక పొద్దున్న చిలకమ్మకి ఆయాసం కమ్ముకుంది. పెదాలు నల్లబడ్డాయి. గెడ్డ పొంగి బస్సు లేదు. సూరి ఆవిడని ఎత్తుకొచ్చి పక్కసీట్లో కూర్చోబెట్టి, వానలో ఘాటీ మీదికి బండిని ఉరికించాడు.

రెండో మలుపు దగ్గర ఆగిపోయింది.

దిగి బానెట్టు ఎత్తాడు. గొట్టం ఊదాడు. కాసేపటికి కదిలింది, పై మలుపు చేరకముందే మళ్ళీ ఆగింది. ఆవిడ ఊపిరి ఈల వేస్తోంది.

"పెట్రోలు పోసినప్పుడల్లా... ఎల్తాది గదా మావా" అంది మాట మాటకీ ఆగి. "ఓపాలి పొయ్యరాదేటి."

సూరి సీటెత్తాడు. ఆయన చెయ్యి నా మీద పడింది. తిప్పు నాయనా, ఒక్కసారి తిప్పు అని లోలోపల నేను పెట్టిన గోల దేవుడికే తెలియాలి. వేళ్ళు బిగిశాయి. అంతలో ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు.

"వొద్దులే. మూత తీసినానంటే కంపు గుప్పుమంటాది, నీకసలే పడదు. సగం పైనే ఉందిలే ట్యాంకు" అని సీటు దించేశాడు.

ఇంకొక్కసారి బండి కదిలింది, బారెడు దూరం పోయి ఆగింది. స్టార్టరు నొక్కుతూనే ఉన్నాడు. ఆవిడ తల ఆయన భుజం మీదికి వాలింది. ఈల ఆగిపోయింది. "చిలకా" అన్నాడు. "ఒలే చిలకా, ఇటు సూడే" అన్నాడు. తర్వాత అంతా ఏడుపే. దాన్ని నేను చెప్పలేను.

వాన వెలిశాక కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడని ఇంటికి చేర్చాలి. డబ్బా తీశాడు. "ఇంక కంపొస్తే ఎవులికి" అని గొణుక్కుంటూ సీటెత్తి నన్ను తిప్పాడు.

ట్యాంకు ఒక్కసారిగా గాలి పీల్చింది. బుస్సుమని, పెద్దగా. సూరి నా నెత్తి మీది ముద్దని వేలితో తడిమి, నన్ను జేబులో వేసుకున్నాడు. డబ్బాలోంచి చుక్క కూడా పొయ్యలేదు. స్టార్టరు నొక్కాడు. ఒక్క నొక్కుకే ఇంజను అందుకుంది.

ఇరుకు రోడ్డు, బండి తిప్పుకునే చోటు పైన మెట్ట మీదే ఉంది. అక్కడిదాకా ఎక్కాలి. ఎక్కింది. ఒక్క దగ్గు దగ్గకుండా ఎక్కింది. ఆవిడ పక్కన కూర్చునే ఉంది.

ఊరివాళ్ళు వచ్చి ఓదార్చారు. "దాని ఆయువంతే సూరీ, నువ్వేటి సేత్తావు" అన్నారు. జీపుని ఏదో హోటలువాళ్ళు అలంకారానికి తీసుకుపోయారు. మూతేదని అడిగితే పోయిందన్నాడు సూరి. నేను ఆయన జేబులోనే ఉన్నాను.

అరుగు మీద కూర్చుని మేకుతో నా నెత్తి మీది ముద్దని గోకుతూ ఉంటాడు. అంతా ఊడిపోయింది, రంధ్రం తేటగా ఉంది, అయినా గోకుతాడు. మొన్న పొరుగాయన ఆగి, "ఏటి సూరీ అది, ఎప్పుడూ సేత్తో అట్టుకుంటావు?" అని అడిగాడు.

సూరి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాను సేసిన రిపేరు" అన్నాడు.