పిండిమర శ్రుతి

శ్రీమన్నారాయణ పిండిమర పట్టపగలు మూతపడటం జగ్గయ్యపేట ఎరగదు. తొంభై ఎనిమిదిలో ఆ ఒక్క ఆదివారం మాత్రం మధ్యాహ్నానికే షట్టరు దించేశాడు. మిరపకాయల డబ్బాతో వచ్చిన బ్రహ్మయ్య నోరెళ్లబెడితే, "మా ఆవిడ నందిగామలో పాడుతోందయ్యా! నీ కారం రేపు పట్టిస్తాలే, పో!" అని కేకేసి, కూతురు కృష్ణప్రియతో బస్సెక్కాడు.

చిల్లకల్లు దాటినా అతని కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. మహిళామండలి బృందగానం అది, పన్నెండు మంది ఆడవాళ్లు. పల్లవి మాత్రం అతని భార్య తిరుపతమ్మ ఒక్కతే ఎత్తుకోవాలి. ఆ సంగతి చెప్పిన రోజున ఈ మహానుభావుడే, "నువ్వా? మైకు ముందా? జనం పారిపోతారే!" అని పగలబడి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "అక్కడ తడబడ్డానా, ఈ జన్మలో మళ్లీ పాడను" అంది. అప్పట్నుంచీ అతనికి ముద్ద దిగడం లేదు.

రెండు నెలలు సాధన చేసింది మర మీది గదిలోనే. హార్మోనియం లేదు, తంబూరా లేదు. కింద మర తిరుగుతుంటే పైన పాట. చప్పుడెక్కువని అతను మర ఆపబోతే, మండలి పెద్ద అమ్మణ్ణిగారు, "ఉండనివ్వండి, అలవాటైపోయింది" అన్నారు.

నందిగామ కల్యాణమండపం కిటకిటలాడిపోతోంది. ఆకుపచ్చ చీరల్లో పన్నెండు మందీ వరసగా నిలబడ్డారు. తిరుపతమ్మ మైకు ముందుకొచ్చి నోరు తెరిచింది. గొంతు ఎక్కడో పైన మొదలై రెండో మాటకే కీచుమని ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది. ఈసారి మరీ కిందికి పోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"నాన్నా, అమ్మకేమైంది? నిన్నటిదాకా బాగానే పాడిందిగా!"

"అయ్యో నా రాత! ఇక్కడ మర లేదు కదే!"

ఇన్నాళ్లూ వాళ్లు శ్రుతి కలుపుకున్నది మర మోతతో. పాడేవాళ్లకే ఆ సంగతి తెలియదు. మోత వినగానే మర బెల్టు వదులైందని చెప్పగల మనిషికి మాత్రం ఠక్కున తట్టింది.

సిగ్గూ ఎగ్గూ వదిలేసి లేచి నిలబడ్డాడు. పెదాలు బిగించి "మ్‌మ్‌మ్..." అంటూ ముప్పై ఏళ్లుగా వింటున్న ఆ మోతనే అందుకున్నాడు.

"కూర్చోవయ్యా పెద్దమనిషీ!" అని ఎవరో గదమాయించారు. కూర్చుంటేగా! తల దించుకోబోయిన కృష్ణప్రియ కూడా లేచి మోత కలిపింది.

తిరుపతమ్మ ఇటు చూసింది. కళ్లు మూసుకుంది.

"చినుకు పడితే చేను నవ్వే, చేను నవ్వితే ఇల్లు నవ్వే..."

అబ్బ, ఏం గొంతు! పదకొండు గొంతులూ ఒక్కసారిగా అందుకున్నాయి. గదమాయించినవాడే అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టాడు. శ్రీమన్నారాయణకు గుండె ఉబ్బిపోయింది. అయినా పాట అయ్యేదాకా మోత ఆపలేదు. మొహం కందగడ్డలా అయిపోయింది.

మెట్లు దిగి తిరుపతమ్మ గబగబా వచ్చేసింది.

"ఏవండీ, రేపు మర ఎన్నింటికి తెరుస్తారు? ఇంకో పాట మొదలుపెట్టాలి."

అతనికి గొంతు పూర్తిగా పోయింది. ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, రెండో చేతి వేళ్లు ఐదూ చూపించాడు.