సొన్నప్ప విగ్రహం జాగా

నాకు కోపమంటే ఆ నేత్ర మీదనే, బెంగళూరు నుంచి వచ్చిన శిల్పి మీద. మొదటి దినం మా ఇంట్లో కాఫీ తాగి, లోటా తానే కడిగి బోర్లించినాది. ఆడే మొదలయింది. నా భార్య మునిలక్ష్మి కొళాయి పక్కన నిలబడి, నెత్తి మీది బిందె ఎవరో దించినట్ల ఆమెను చూసినాది. నన్ను ఎప్పుడూ అట్ల చూడలేదు.

ఆమెను పిలిపించింది నేనే. మా నాయన సొన్నప్ప బంగారు గని యూనియన్ లీడరు. మా ఊరు ఆండర్సన్‌పేటలో ఆయన పేరు తెలియని ముసిలోడు లేడు. నేను ఎనిమిదో తరగతి విడిచి ఆయన వెనక జెండా పట్టుకొని తిరిగినోణ్ణి. గని మూసేసి, నాయన కూడా పోయినాక నాకు మిగిలింది రైలెక్కి బెంగళూరుకు పోయే వాచ్‌మన్ పని, ఆయన పేరు. ఆ పేరుకు ఒక విగ్రహం కావాలనుకున్నాను, చెయ్యెత్తి పిడికిలి బిగించింది. జాగా ఉండాది: బజారు మలుపులో మునిలక్ష్మికి వాళ్ళమ్మ తాయమ్మ రాసిచ్చిన సైటు, ముప్పై అడుగులకు నలభై అడుగుల ఖాళీ స్థలం. భార్యదంటే నాదే కదా అనుకున్నాను.

నేత్ర వచ్చి మా నాయన ఫోటోలు అడగాల. అడగలేదు. "సమ్మె దినాల్లో మీరంతా ఏం తిన్నారమ్మా?" అనింది మా అమ్మ పిల్లమ్మతో. మంచం దిగని మా అమ్మ లేచి కూర్చునింది.

"గంజి. తాయమ్మ తన సైటు ఇచ్చినాది. ఆడే పొయ్యిలు పెట్టి, గని కూలోళ్ళ లైన్ల ఇండ్ల ఆడోళ్ళమంతా కాచినాము. ఈళ్ళ నాయన మైకులో అరిచి వచ్చి, ఉప్పు లేదని గిన్నె ఇసిరినాడు. అదెవరూ రాతిలో చెక్కరులే!"

అత్తా కోడలు ఇద్దరూ నవ్వినారు. నాకు నవ్వు రాలేదు.

ఇంగ నేత్ర వచ్చిందంటే వంటింట్లోనే. ఒక ఆదివారం కిటికీ బయట బీడీ తాగతా విన్నాను. మునిలక్ష్మి గొంతు ఆగడం లేదు.

"కోడి కూయకముందే లేచి కేరియర్ కట్టాల నేత్రా. ఈయనకు రైలు తప్పితే నాదే తప్పు, పులుసు సల్లబడితే నాదే తప్పు. నేను కుట్టే గార్మెంట్సు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు అందరి ముందర 'బాత్రూముకు ఎన్ని తూర్లు పోతావ్' అంటాడు. ఇంటికొచ్చి చెప్తే ఈయన, 'ఉద్యోగమంటే అంతే, నీకు నోరెక్కువ' అంటాడు. ఈయన అలిసొస్తే ఇల్లంతా గొంతు తగ్గించాల. నేను అలిసొస్తే, 'ఫ్యాను కింద కూర్చొని కుట్టేదానికి ఏం అలుపు' అంటాడు. మామ మంచాన పడినప్పుడు ఒళ్ళు తుడిచింది నేను. కొడుకు వాకిట్లో నిలబడి 'ఎట్లుండాడు' అని అడిగి పోతా ఉండె. మామ చెయ్యి నాకు బాగా తెలుసు. పైకి లేచిన చెయ్యి కాదు, నేను ఎత్తి పట్టుకొని చంక తుడిచిన చెయ్యి. నాకు కుళ్ళు నేత్రా. ఆ రాయి మీద కుళ్ళు. ఇంగా చెక్కనే లేదు, అప్పుడే దానికి నిలబడే జాగా ఉండాది. నాకు ఈ ఇంట్లో ఊరికే కూర్చునే మూల లేదు."

ఇన్నేండ్ల కాపురంలో నాతో ఈమె చెప్పింది గ్యాసు అయిపోయింది, అత్తకు మాత్రలు తేవాల, అంతే. మొన్న వచ్చినదానికి మనసంతా ఇప్పి పోస్తా ఉండాది. ఇంకో మగోడైతే కాలర్ పట్టుకుంటాను. ఆడమనిషి మీద ఎట్ల కుళ్ళుకోవాల?

లోపలికి పోయినాను. "మాటలు చాలు తల్లీ. మా నాయన మొగం ఎప్పుడు చేస్తావు?"

"మొగం చెయ్యను అన్నా. ఆ పొయ్యిలు మళ్ళా రాతితో కడతాను. చుట్టూ కూర్చునేదానికి అరుగులు. అక్క ఒప్పుకుంటే."

"ఆమేమి ఒప్పుకునేది? జాగా నాది."

మంచం మీద నుంచి మా అమ్మ, "నీదెట్లరా? తాయమ్మ నీకు పుట్టినరోజుకు ఇచ్చిందా?" అనింది.

మునిలక్ష్మి చేతులు కొంగుకు తుడుచుకొని నన్ను చూసినాది. కోపం లేదు. దానికే నాకు భయమేసింది.

"సోమవారం రిజిస్ట్రారు ఆఫీసుకు పోతా ఉండాను. లైన్ల ఆడోళ్ళ సంఘానికి రాసిస్తాను. ఆ దినం నీ కేరియర్ నువ్వే కట్టుకో."

చెప్పినట్లే చేసినాది.

ఇప్పుడు సాయంత్రం, రాతి పొయ్యిల చుట్టూ నేత్ర కట్టిన అరుగుల మీద ఆడోళ్ళు కూర్చుంటారు. మునిలక్ష్మి ఒళ్ళో చేతులు పెట్టుకొని, ఏమీ చెయ్యకుండా, వాళ్ళ మధ్యలో. నేను రైలు దిగి ఆ పక్కనే నడిచి వస్తాను. నన్ను చూసి ఒకరూ మాట ఆపరు. మా నాయనకు విగ్రహం లేదు. నాకు పోయింది ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడుగు.