అరువు గొంతు

పదకొండోసారి కూడా తెరమీద పెదవులు ముందు మూసుకున్నాయి. మాట ఆ తర్వాత వచ్చింది.

"బాగుంది సార్. ఇంకొక్కటి చేద్దాం," అన్నాడు దర్శకుడు ప్రణీత్, అద్దం అవతలి గదిలోంచి.

బాగుంటే ఇంకొకటి ఎందుకని చక్రధర్ అడగలేదు. సినిమా మనుషులు బాగుంది అన్నారంటే బాగాలేదనే. నిజంగా బాగుంటే ఎవరూ నోరు విప్పరు, తరవాతి ముక్కకి వెళ్ళిపోతారు. ఆయన నలభై ఆరేళ్ళుగా చూస్తున్నాడు.

డెబ్బై రెండేళ్ళు ఆయనకి. కిందటేడు ఆషాఢంలో పక్షవాతం తాకి వెళ్ళింది. చెయ్యీ కాలూ తిరిగొచ్చాయి. మూతి ఎడమ మూల మాత్రం కొంచెం జారి, నాలుక బరువెక్కి, అలాగే ఉండిపోయాయి. షూటింగులో ఆ లోపం ఎవరికీ పట్టలేదు. కెమెరా పక్కన ఒకడు నిలబడి మాట అందిస్తే ఈయన పెదవులు కదిపాడు. మాటలు తర్వాత డబ్బింగులో చెప్పుకోవచ్చు గదా అన్నారు. ఆ తర్వాత అన్నది ఇవాళే. కృష్ణానగర్ సందులో, మేడమీద, దుప్పట్లు కొట్టిన గోడల మధ్య, ఒక మైకు ముందు.

వేషం జూటుమిల్లు కార్మికనాయకుడిది. గేటు దగ్గర మేనేజరుతో మాట్లాడాలి. మేనేజరు ఆయన కొడుకే. 'మిల్లు మూసేస్తే మూసెయ్యి. తాళం నీది. లోపల మరలు తిప్పిన చేతులు మావి. రేపు తలుపు తెరవాలంటే ముందు ఈ చేతుల్నే అడగాలి.' ఇంతే. ఒకప్పుడు ఇలాంటివి పుంజీడు ఒక్క ఊపిరిలో చెప్పేవాడు. ఇప్పుడు 'తెరవాలంటే' దగ్గర నాలుక పళ్ళకి అంటుకుపోతోంది.

సాయంత్రంలోగా కాకపోతే వేరేవాళ్ళ చేత చెప్పిస్తామని నిర్మాత పొద్దున్నే ఫోన్‌లో అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు.

"నా మొహానికి ఇంకొకడి గొంతు పెడితే నా పేరు తీసెయ్యండి," అన్నాడు చక్రధర్. "పోస్టరు మీదా ఉండకూడదు, తెరమీదా ఉండకూడదు."

చక్రధర్ అంటే గొంతు. ఆయన డైలాగుల కేసెట్లు కాఫీహోటళ్ళలో పాటలతో సమానంగా మోగాయి. డాన్సులు వచ్చిన హీరోలు పోయారు, అందగాళ్ళు పోయారు. గొంతు ఉన్నవాడు మిగిలాడు. మిగిలిన ఆ ఒక్కటీ ఇవాళ మొరాయించింది.

పన్నెండోదీ చెడింది. తలుపు తోసుకుని బయటికి వచ్చాడు.

మేకప్‌మాన్ మస్తాన్ ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు వంచి ఇచ్చాడు. ముప్ఫయ్యేళ్ళుగా వెంట ఉన్న మనిషి. ఇవాళ రంగు పూసే పని లేదు, అయినా వచ్చాడు.

"పెరుగన్నం వద్దన్నానా అయ్యా. నాలుక ముద్దకడుతుందని చెబితే విన్నారా?"

"పెరుగు మీద పెట్టకురా. పెరుగేం చేసింది."

"నా మీద పెట్టుకోండి పోనీ. అలవాటేగా." మస్తాన్ గొంతు తగ్గించాడు. "అదిగో, బల్ల మీద ఒకాయన. తొమ్మిదింటినుంచి కూర్చునున్నాడు. ఎవరు బాబూ అంటే గొంతు సవరించుకుంటాడుగానీ చెప్పడు."

చక్రధర్ అటు చూశాడు. నలభై దాటిన మనిషి, భుజానికి సంచి, నెత్తిన నూనె. చూడగానే లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు అచ్చం తనదే, ఎందుకొచ్చాడో తెలిసిపోయింది.

ప్రణీత్ గబగబా వచ్చాడు. ముప్ఫై నిండని కుర్రాడు, నెమ్మదస్తుడు. అబద్ధం చెప్పడం ఇంకా సరిగ్గా పట్టుబడలేదు. "సార్, ఈయన యాకయ్యగారు. వరంగల్. మిమిక్రీ చేస్తారు. ఊరికే, ఎందుకైనా మంచిదని పిలిపించాం."

యాకయ్య వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మీ గొంతే నాకింత బువ్వ వెట్టింది సార్. ఇరవయ్యేండ్ల సంది పెండ్లిల్లల్ల, గణపతి పందిళ్ళల్ల మీదే చెప్తున్న. నా బిడ్డ సుత మొదలు మీ గొంతే గుర్తువట్టింది, నాది తర్వాత."

"పాపం, పిల్ల దడుసుకోలేదా?"

"దడుసుకుంది సార్. అన్నం దినకుంటే మీ గొంతుల బెదిరిస్తుంటి."

మస్తాన్ నవ్వాడు. చక్రధర్‌కి కూడా నవ్వొచ్చేదే, మూతి జారకపోయుంటే.

"చెప్పించు చూద్దాం," అన్నాడు ప్రణీత్‌తో.

యాకయ్య లోపలికి వెళ్ళి చెవులకి ఫోన్లు తగిలించుకున్నాడు. చక్రధర్ అద్దం ఇవతల కూర్చున్నాడు. తెరమీద తన మొహం, గేటు, పిడికిలి. నోరు తెరుచుకుంది. మిల్లు మూసేస్తే మూసెయ్యి. తాళం నీది. ప్రతి మాటా పెదవిని పట్టుకునే నడిచింది. 'ముందు' అనేముందు చిన్న ఊపిరి, కోపాన్ని మింగినట్టు. ఈ ఊపిరికే కదా ఒకనాడు సినిమాహాళ్ళలో బెంచీలు విరిగింది.

ఒక్కసారికే అయిపోయింది. ఎవరూ బాగుందని అనలేదు. సౌండు అబ్బాయి తరవాతి ముక్క పెట్టాడు.

ఇలాంటి అద్దం ఇవతల, ఇలాగే తన మొహం ఇంకొకరి గొంతుతో మాట్లాడుతుంటే చూస్తూ కూర్చోవడం చక్రధర్‌కి ఇది మొదటిసారి కాదు.

మొదటి సినిమా అప్పుడు, మద్రాసు కోడంబాకంలో, ఆయన అసలు గొంతు విన్న దర్శకుడు మేకపిల్ల అరిచినట్టుందన్నాడు. తెనాలినుంచి సోమశేఖరం అనే నాటకాల మనిషిని రప్పించారు. నలభై అయిదేళ్ళవాడు, ఉబ్బసం. బరువైన మాట వచ్చేముందు ఊపిరాడక ఒక్క క్షణం ఆగి పీల్చుకునేవాడు. అది తెరమీద కోపమైంది. జనం ఈలలు వేశారు. మూడు సినిమాలు వందేసి రోజులు ఆడాయి, ఉత్తమనటుడని శాలువా కప్పారు. గొంతు ఇచ్చినవాడి పేరు తెరమీద వేసే ఆచారం అప్పుడు లేదు.

మూడోదానికి చక్రధర్ డబ్బింగు గదిలో మూల కూర్చుని నేర్చుకున్నాడు. ఆర్నెల్లు తెల్లవారుజామున సముద్రం ఒడ్డుకి పోయి ఆ గొంతు పట్టాడు, ఊపిరితో సహా. ఉబ్బసం లేనివాడు ఉబ్బసం నేర్చుకున్నాడు. నాలుగో సినిమాకి నేనే చెప్పుకుంటానన్నాడు. తేడా ఒక్కడికీ తెలియలేదు.

సోమశేఖరం ఇంటికి వచ్చాడు. "వేషం ఇప్పించమని రాలేదు నాయనా. ఒక్క పత్రికవాడితో చెప్పు, ఆ గొంతు నాదని. మరొకరు పిలుస్తారు."

చక్రధర్ కాఫీ ఇచ్చాడు. చూద్దామన్నాడు. చూడలేదు. ఆ తర్వాత సోమశేఖరాన్ని ఏ నిర్మాతా గొంతు ఇవ్వడానికి పిలవలేదు, చక్రధర్‌ని కాపీ కొడుతున్నాడని. చివరికి ఒక ఆర్కెస్ట్రా కంపెనీలో చేరాడు. చక్రధర్ గొంతును అనుకరించే కళాకారుడని మైకులో చెప్పి వేదిక ఎక్కించేవారు. తెనాలి ఆసుపత్రిలో పోయాడు. చక్రధర్‌కి షూటింగు ఉంది, వెళ్ళలేదు. భార్య అనసూయ వెళ్ళింది.

తిరిగొచ్చి ఒక్కటే అంది: "ఆఖరిదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. వింటుంటే నువ్వే పోతున్నట్టనిపించింది."

అనసూయ ఇంట్లో ఆ గొంతును రానిచ్చేది కాదు. చెప్పులతోపాటు దాన్ని కూడా బయట విప్పి రమ్మనేది. ఆమెతో మేకపిల్ల గొంతుతోనే మాట్లాడేవాడు, పచ్చడి వెయ్యమన్నా, పోట్లాడినా. ఆమె పోయి ఆరేళ్ళు. ఆ గొంతుతో మాట్లాడవలసినవాళ్ళు మరెవరూ లేరు.

"ఇంకోసారి నన్ను చెప్పనియ్యి," అన్నాడు చక్రధర్, లేచి.

ప్రణీత్ గడియారం చూసుకోబోయి మానుకున్నాడు. "తప్పకుండా సార్."

మైకు ముందు నిలబడ్డాడు. తెరమీద గేటు వచ్చింది. ఈసారి ఆయన గొంతును కిందికి దించలేదు. ఊపిరి పట్టలేదు. అనసూయతో మాట్లాడినట్టు మాట్లాడాడు. సన్నగా, కాస్త ముక్కుతో, గుడివాడ వైపు సాగదీతతో. మిల్లు మూసేస్తే మూసెయ్యి. తాళం నీది.

నాలుక ఎక్కడా తట్టుకోలేదు. ఆ లావు గొంతును మొయ్యడానికే దానికి ఇంతసేపూ సత్తువ చాలలేదు. 'తెరవాలంటే' జారిపోయినట్టు వచ్చేసింది. పొద్దుటినుంచి మొదటిసారి పెదవీ మాటా కలిసి మూసుకున్నాయి.

అద్దం అవతల ఎవరూ బాగుందని అనలేదు. కాని తరవాతి ముక్క పడలేదు.

"పెదవులు చక్కగా కలిశాయి సార్," అన్నాడు ప్రణీత్. మాటలు వెతుక్కుంటున్నాడు. "కానీ, ఏమనుకోకండి. ఇది మీ గొంతులా లేదు."

చక్రధర్ చెవి ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. బయటికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మగారు గుర్తొచ్చారయ్యా," అన్నాడు మస్తాన్ మెల్లగా.

"నా గొంతు ఇదేనయ్యా," అన్నాడు చక్రధర్ ప్రణీత్‌తో. "మీరు నాది అనుకుంటున్నది తెనాలి సోమశేఖరం అని ఒక ఉబ్బసం మనిషిది. నేను ఎత్తుకొచ్చుకున్నాను."

ప్రణీత్ నవ్వాడు, పెద్దవాళ్ళ ముందు నవ్వేంత. "మీరు భలేవారు సార్."

సౌండు అబ్బాయి కూడా నవ్వాడు. నలభై ఆరేళ్ళు దాచిన ముక్క బయటపెడితే అది సరదా మాట అయింది. యాకయ్య ఒక్కడే నవ్వలేదు. ప్రణీత్ నిర్మాతకి ఫోన్ చెయ్యడానికి మెట్లమీదికి వెళ్ళేదాకా ఆగి, దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

"నాకు ఎరికే సార్."

"ఏం ఎరిక?"

"మొదటి మూడు సినిమాలు ఒక మనిషియి, తర్వాతయి ఇంకో మనిషియి. మాది ఇనే పని గద సార్. ముందటి మూడిట్ల ఊపిరి ఆడక తీస్కున్నది. తర్వాతయిట్ల ఊపిరి ఉండంగ తీస్కున్నది. పేరైతే ఇయ్యాల్నే తెలిసింది."

చక్రధర్ అతనివైపు తిరిగాడు. "నువ్వు చెప్పేది ఏది?"

యాకయ్య సంచి పట్టీ సవరించుకున్నాడు. చెప్పాలా వద్దా అని చూశాడు.

"ముందటి మూడే సార్."

చక్రధర్ అద్దంలోంచి తెరమీద ఆగిపోయిన తన మొహాన్ని చూశాడు.

"ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనలేదా?"

"ఎవరికి జెప్పాలె. మీ పేరు జెప్తేనే ఈలలేస్తరు. ఇంకో పేరు జెప్తే కిందికి దిగుమంటరు."

ప్రణీత్ తిరిగొచ్చాడు. నిర్మాత దసరాకి విడుదల అంటున్నాడని, యాకయ్యతోనే మొత్తం కానిచ్చేద్దామని, చక్రధర్‌గారు ఊ అంటేనే అని, ఒక్క ఊపిరిలో చెప్పాడు.

"టైటిల్స్‌లో పేరు వెయ్యి," అన్నాడు చక్రధర్.

"యాకయ్యగారిదా సార్?"

"ఆయనదీ, సోమశేఖరానిదీ."

ఇక నవ్వే సంగతి కాదని ప్రణీత్‌కి అప్పుడు అర్థమైంది. నేలచూపులు చూశాడు. "ట్రైలర్‌లో చక్రధర్‌గారి గొంతు అనే వేసుకున్నాం సార్. ఇప్పుడు ఇంకో పేరు వేస్తే..."

"నాకేం వద్దు సార్," అన్నాడు యాకయ్య వెంటనే. "పేరు పడితే రేపు పందిళ్ళల్ల అడుగుతరు, నువ్వెవరివి, సార్ ఎవరు అని. మంచిగుండదు."

పొద్దున్న నిర్మాతతో అన్నమాట చక్రధర్‌కి జ్ఞాపకం ఉంది. అది మళ్ళీ అంటే చాలు. పేరు తీసెయ్యండని లేచి వెళ్ళిపోవచ్చు. మస్తాన్ కూడా అదే మాట కోసం ఆయన మొహంలోకి చూస్తున్నాడు.

ఆయన అనలేదు. అనడానికి ఓపిక లేదని తనకు తాను చెప్పుకోబోయాడు. అదీ అబద్ధమే. తన పేరు లేని పోస్టరు గోడమీద చూసుకునే ధైర్యం లేదు. ఆ రోజు కాఫీ ఇచ్చి చూద్దామన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వయసు దేన్నీ బాగుచెయ్యలేదు.

"సరే. కానివ్వండి," అన్నాడు.

ప్రణీత్ చేతులు జోడించాడు. కారు తెప్పిస్తాను, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి అన్నాడు. ఇంట్లో ఎవరున్నారని వెళ్ళడం? చక్రధర్ కుర్చీ అద్దానికి దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు. మస్తాన్ ఫ్లాస్కు మూత బిగించి గోడకి చేరబడ్డాడు.

లోపల యాకయ్య గేటు ముక్క తరవాత వచ్చేది అందుకున్నాడు. కొడుకు తాళంచెవి విసిరేసి వెళ్ళిపోతుంటే వెనకనుంచి పిలిచే మాట. యాకయ్య గొంతు పైకెత్తి గర్జించాడు. సౌండు అబ్బాయి ముందుకు పోబోయాడు.

చక్రధర్ ఇవతలి మైకు నొక్కాడు.

"అరవకు. అక్కడ ఉన్నది వాడి కొడుకు. వినపడితే చాలు అన్నట్టు పిలవాలి. ఇంకోసారి చెప్పు."