మెట్లు లోపలికి

కుట్టుమిషన్ కింద గుడ్డపీలికల మీద నిద్రపోతున్న పాపను సూపర్‌వైజరు ఒంటిచేత్తో రెక్క పట్టుకుని లాగాడు. రెండేళ్ల పిల్ల. ఒక్క కేక పెట్టింది. ఆ చెయ్యి భుజం దగ్గర జారి వేలాడిపోయింది.

“ఇది ఫ్యాక్టరీనా, పురిటిగదా?” అన్నాడు వాడు.

తల్లి గుండీలు కుట్టే మనిషి. అందరికీ గుండీలక్క. వేలాడుతున్న ఆ చేతిని పట్టుకుని, పిల్లను ఎత్తుకుని గేటు దగ్గరకు పరిగెత్తింది. షిఫ్టు అయ్యేదాకా తాళం తీయనన్నాడు కాపలావాడు, బతిమాలితే తాళంచెవి కనబడటం లేదన్నాడు.

మిషన్లు ఎవరు ముందు ఆపారో నాకు తెలియదు. కాలర్లు కుడుతున్న నేను తలెత్తేసరికి హాలంతా నిశ్శబ్దం. అందరం వెళ్లి గేటుకు ఆనుకుని నిలబడ్డాం. అంతసేపూ దొరకని తాళంచెవి అప్పుడు దొరికింది.

పాప చేతికి కట్టు కట్టించాం గానీ, మర్నాడు ఎవరమూ మిషన్ తొక్కలేదు. యజమాని స్వయంగా దిగొచ్చాడు.

“పక్క స్థలంలో ఉక్కు బిల్డింగు లేస్తోంది, చూడటం లేదా? కింద ఫ్యాక్టరీ, దాని పక్కన మీ పిల్లలకు బడి, పైన పసివాళ్లకు గది. ఇంకేం కావాలి మీకు?”

నమ్మించడానికి, దాన్ని గీసిన ఇంజనీరమ్మను కూడా పంపాడు. క్యాంటీన్లో బల్లలు కలిపి ఆమె ప్లాను పరిచింది.

“పై గదికి మెట్లెక్కడ?” అడిగింది గుండీలక్క.

ఆమె వేలు పెట్టి చూపించింది. గేటు బయట, వీధిలో.

“పిల్ల ఏడిస్తే నేను గేటు దాటాలి. గేటుకు తాళం. మళ్లీ పాత పాటేగా తల్లీ!”

“మెట్లు లోపల వేస్తే తల్లులు మాటిమాటికీ లేచి పోతారన్నారు. నాకూ నచ్చలేదు. చెప్పి చూశాను, వినలేదు.”

ఇస్త్రీ చేసే తాత ముందుకు వంగాడు. “బడి తలుపు చూడండర్రా! తిన్నగా మిషన్ల హాల్లోకి. గొర్రెపిల్లల దొడ్డి కసాయి కొట్టుకు ఆనించి కట్టినట్టుంది. మన చేతులు అరిగేలోపు వాడికి కొత్త చేతులు పక్కగదిలోనే పెరుగుతాయి. అసలీ బిల్డింగే వద్దు!”

“వద్దంటే రేపు నా పిల్లాణ్ని నీ ఇస్త్రీ బల్ల మీద పడుకోబెట్టనా?” కత్తిరింపు పని చేసే ఆమె గయ్యిమంది. నవ్వులు, కేకలు. ఒకరి మాట ఒకరికి వినపడలేదు.

గుండీలక్క బల్ల చరిచింది. “వద్దనేం లేదు. మనకు పనికొచ్చేలా కావాలి. నువ్వు గీయి తల్లీ, మేం చెబుతాం.”

పొద్దు వాలేదాకా చెప్పాం. ఇస్త్రీకి ఆవిరి పట్టే బాయిలర్ మీద గది పెట్టి పిల్లల్ని ఉడకేస్తావా అని ఒకరు. హాల్లో స్తంభాలు తీసెయ్యమని ఇంకొకరు. “ఉక్కయినా గాల్లో నిలబడదమ్మా!” అని ఆమె దెబ్బలాడింది. చివరికి గదిని బాయిలర్‌కు దూరం జరిపింది. మెట్లు హాల్లోకి తిప్పింది. బడి తలుపు వీధివైపు పెట్టింది.

ఆ ప్లాను చూసి యజమాని ఆమెను పనిలోంచి తీసేశాడు. నేరుగా మా దగ్గరకే వచ్చింది. “గేటు నాకూ మూసేశారు” అంది.

పాత ప్లాను ప్రకారమే మెట్లు లేస్తున్నాయని తెలిసి అందరం అక్కడికి నడిచాం. వెల్డర్ చేతులు అడ్డం పెట్టాడు. “మేం కూలోళ్లం. గీసింది కడతాం. మా పొట్ట కొట్టకండి.”

“నీ పిల్లలేరీ?” అంది గుండీలక్క.

అతను మళ్లీ పనిమీదికి వంగాడు. ఇసుక మోస్తున్న అతని భార్య గంప దించింది. “అడిగినదానికి చెప్పు. అదుగో, బోల్టులు నోట్లో పెట్టుకుని ఆడుతున్నాడు నీ కొడుకు!” మావైపు తిరిగింది. “కట్టేది మేమే. ఆ గదిలో మావాళ్లకి చోటుంటదా?”

“మన గదిలో వీళ్లెందుకు?” వెనకనుంచి ఎవరో గొణిగారు.

గుండీలక్క గిరుక్కున తిరిగింది. “కాపలావాడి బుద్ధి మనకెప్పుడొచ్చిందే?”

“ఉంటుంది” అన్నాం అందరం. వెల్డర్ కొత్త ప్లాను అందుకున్నాడు.

అతనూ, క్రేన్ నడిపేవాడూ పైకెక్కి పని మొదలుపెట్టేసరికి పోలీసులు వచ్చారు. గుండీలక్కనూ, ఇంజనీరమ్మనూ, దొరికిన వాళ్లనల్లా వ్యాన్లోకి తోశారు. నన్ను జుట్టు పట్టుకుని ఎక్కించారు. ఊచల్లోంచి చూస్తే మెట్లు అప్పటికే విడిపోయి క్రేన్ గొలుసుకు వేలాడుతున్నాయి.

“దిగరా కిందికి!” పైకి చూస్తూ అరిచాడు పోలీసు.

“మెట్లు విప్పేశాం సార్, ఎట్లా దిగేది?” అన్నాడు వెల్డర్.

వ్యాన్ కదిలింది. ఇంజనీరమ్మ నన్ను పక్కకు నెట్టి ఊచలు పట్టుకుంది.

“కొంచెం ఎడమకి, హాలు వైపుకి!” గొంతు చించుకుని అరిచింది. “ఇంకొంచెం ఎడమకి!”

నోరు మూయమని పోలీసు లాఠీతో ఊచల మీద కొట్టాడు. వ్యాన్‌లో ఉన్నవాళ్లమంతా ఒక్కసారిగా అందుకున్నాం:

“ఎడమకి! ఎడమకి!”