నేల తడిని మరిచిన కంపైలర్

వాన పడితే నదిలో నీరు ఎంత ఎత్తు లేస్తుందో లెక్కగట్టే ప్రోగ్రామ్ అది. ఆఫీసంతా అక్క అని పిలిచే ఇంజనీరమ్మ, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోర్‌ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసింది. పాత మెషీన్ మూలనపడింది. ఈ సాయంత్రం డైరెక్టరు ముందు ఆ ప్రోగ్రామ్ కొత్త మెషీన్ మీద సరిగా నడిస్తే దాని ప్రాణం నిలుస్తుంది. లేదంటే పక్క సీటతను రాసిన కొత్త ప్రోగ్రామ్ దాని చోట కూర్చుంటుంది. అతను ఆమె దగ్గరే పని నేర్చినవాడు. ఆమె నోట ఎప్పుడూ "తమ్ముడూ" అనే పిలుపే.

రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఏది పెట్టాలో అతన్నే అడిగింది.

"ఈ కొత్తదేనక్కా. గుర్రంలా పరిగెడుతుంది."

గుర్రం పరిగెత్తింది గానీ రౌతును పడేసింది. చినుకు లేని రోజు వరద చూపింది, కుండపోత రోజు నదిని ఎండగట్టింది. ఆమె కంపైలర్ వేగం తగ్గించి చూసింది. ఇంకో కంపైలర్ పెట్టింది. అది మరో అబద్ధం చెప్పింది.

"పళ్లూడిన ఎద్దుకి కొత్త గడ్డి ఎందుకక్కా? సాగనంపేయండి," అన్నాడతను. నవ్వలేక నవ్విందామె.

తేడా ఎక్కడ మొదలవుతోందో చూద్దామని అదే వానను అతని ప్రోగ్రామ్‌కి ఇచ్చింది. లెక్కలు చక్కగా వచ్చాయి. మధ్యలో తెర మీద ఒక వాక్యం పడింది: "మట్టికి దాహం తీరింది."

నేల ఇక నీరు పీల్చలేనప్పుడు కనబడాలని, ఒకప్పుడు సరదాకి తాను రాసుకున్న మాట! అంటే నేల తడి లెక్క మొత్తం తనదే, అతను ఎత్తుకెళ్లి పెట్టుకున్నాడు. మరి అక్కడ కుదిరింది ఇక్కడెందుకు కుదరదు? అతను తన ప్రోగ్రామ్‌ని ఏ ఆప్షన్లతో, అంటే కంపైలర్‌కి ఏ సూచనలిచ్చి, కంపైల్ చేశాడో చూసింది. అందులో ఒకటి, పాత విలువలను దాచి ఉంచమనేది. పాత కంపైలర్ ఆ పని అడక్కుండానే చేసేది. కొత్తది లెక్క ముగియగానే చేతులు దులుపుకుంటుంది. నిన్నటి తడి దానికి గుర్తుండదు, ఆ చోట ఏ చెత్త ఉంటే అదే తడి.

ఆ ఆప్షన్ పెట్టగానే ఆమె లెక్కలు కుదుటపడ్డాయి. మనసే కుదుటపడలేదు.

"ఇది నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నేను జుట్టు పీక్కుంటుంటే పక్కనే కూర్చుని టీ తాగావే!"

"మీరు కంపైలర్ ఏదని అడిగారు. ఆప్షన్ల సంగతి అడగలేదు కదక్కా."

నమ్మి నానవేస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

డైరెక్టరు వచ్చి రెండు తెరలూ చూశాడు. "రెండూ ఒకే లెక్క చెబుతున్నాయి. ఇంకేం, కొత్తదే ఉంచుదాం."

"దాని కడుపులో ఉన్నది నా లెక్కేనండీ."

"ఎవరిదైతే ఏంటమ్మా? ఆఫీసుదేగా!"

డైరెక్టరు వెళ్లాక తమ్ముడు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు.

"కోపమా అక్కా? మీ ప్రోగ్రామ్‌లో ఉన్న మంచు కరిగే లెక్క కూడా నా దాంట్లో పెడదామనుకుంటున్నా. కాస్త ఎలా నడుస్తుందో చెబితే..."

ఆమె తెర ఆపి లేచింది.

"మేడమ్ అను. ఆ లెక్క కావాలంటే డైరెక్టరు గారిచేత అడిగించు."