మేనత్త వాటా

కళ్ళద్దాల షాపు నడిపే ఆవిడకి చాలాకాలంగా ఒకటే కోరిక: ఓ ఇల్లు కొని అద్దెకిచ్చి, ఓపిక తగ్గాక ఆ అద్దెతో నిశ్చింతగా బతకాలని. ఏటవాలు వీధిలో మేడ అమ్మకానికొచ్చిందని తెలియగానే కాగితాలు తెప్పించి, లాయరైన మరిది చేతిలో పెట్టింది.

ఆ ఇంటి పెద్దాయన పోతూ ఇంట్లో తన వాటా తమ్ముడి కొడుక్కి రాసిపోయాడు.

"వీలునామాని కోర్టు ఒప్పుకుంది వదినా, దానికి ఢోకా లేదు. చిక్కంతా ఆయన చెల్లెలితోనే. సగం వాటా ఆవిడది. చిన్నవయసులోనే ఇల్లొదిలి వెళ్ళిపోయిందట, అజాపజా లేదు. చనిపోయినట్టు ప్రకటించమని ఈ కుర్రాడు దావా వేశాడు. అది తేలితే ఇల్లు మొత్తం అతనిదే. కళ్ళు మూసుకుని కొనెయ్యొచ్చు."

ఆవిడ కళ్ళు తెరుచుకునే కొనే మనిషి. ఓ మధ్యాహ్నం తమ్ముడి కొడుకుని వెంటబెట్టుకుని ఇల్లంతా తిరిగింది. గోడలు గట్టిగానే ఉన్నాయి. పెద్దాయన పోయినప్పుడే నీళ్ళు, కరెంటు ఆపేశారు. అన్నిటిమీదా దుమ్ము పేరుకుంది.

మేడమీద చివరి గదిలో కిటికీ ఊచకి తువ్వాలు ఆరేసి ఉంది. ముట్టుకుంది. తడి! సబ్బు వాసన కూడా.

"ఎవరుంటున్నారిక్కడ?"

కుర్రాడు గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఎవరూ లేరండి. అది మేనత్త గది. వచ్చినప్పుడల్లా తీసేస్తాను. మళ్ళీ వచ్చేసరికి ఉంటుంది. పోయిందని కోర్టు చెప్తే మానేస్తుందేమోనని..."

"ఆవిణ్ణి అడిగావా?"

"లేని మనిషిని ఏమని అడగనండీ?"

ఆవిడ గదిలోంచి బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, పక్కింటావిడతో మాట్లాడినట్టే అడిగింది.

"అమ్మా, ఈ ఇల్లు కొందామనుకుంటున్నాను. ఇందులో మీ వాటా ఉందని తెలుసు. మీకిష్టమేనా?"

లోపల మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు నెమ్మదిగా తలుపు దాకా వచ్చింది. గడియ పడింది.

ఆవిడ మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. వీధిలోకొచ్చాక చూస్తే కుర్రాడి కళ్ళలో నీళ్ళు.

"ఇన్నాళ్ళూ నేను దొంగలా వచ్చి పోయానండి. ఒక్కసారి పలకరించాల్సింది."

బేరం అక్కడితో ఆగింది. "గాలికి పడిన గడియకి అంత భయమా వదినా?" అని మరిది ఆటపట్టించాడు. కుర్రాడు దావా వెనక్కి తీసుకున్నాడని, తన సామాను తెచ్చుకుని ఆ ఇంట్లోనే కాపురం పెట్టాడని తర్వాత తెలిసింది.

ఓసారి ఆవిడ అటుగా వెళ్తుంటే మేడమీద కిటికీ తెరిచి ఉంది. కుర్రాడి గొంతు వినబడింది. ఏదో చెప్తున్నాడు, కాసేపు ఆగి వింటున్నాడు, పకపకా నవ్వుతున్నాడు.

"అత్తా, ఇంక చాలు, నువ్వు పడుకో" అన్నాడు.

కాసేపటికి కిటికీ రెక్క మెల్లగా మూసుకుంది. ఆ సమయానికి కుర్రాడు కింద వీధి తలుపు తీసుకుని బయటికొస్తున్నాడు.