రెండు నల్ల వైర్లు

ఇంజను వేడి చూపించే మీటరు ఒకటి మా ఆయన కొనుక్కొచ్చిన రోజే అనుకున్నాను, ఇది నా ప్రాణానికి వచ్చిందని. అవసరం లేదని కాదు. కారుతో వచ్చిన మీటరు ఎప్పుడో చచ్చింది, పోయిన ఎండల్లో ఇంజను ఉడికిపోయి నడిరోడ్డు మీద ఆవిర్లు కక్కింది కూడా. కానీ బిగించడానికి ఇంటి మనిషే ఉన్నాడు. మా అక్క భర్త, మా బావ, కార్లకి కరెంటు పనులు చేసే షెడ్డు నడుపుతాడు. ఫోన్లో సంగతి వినగానే, నువ్వు చెయ్యి పెట్టకు తమ్ముడూ, ఇటు తీసుకొచ్చెయ్, చిటికెలో అయిపోతుంది అన్నాడట. ఆ "చెయ్యి పెట్టకు" దగ్గరే ఈయనకి కాలింది. మర్నాడే టేపూ కత్తెరా పట్టుకుని కారులో దూరారు.

మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. ఊరందరి తప్పులూ ఎర్ర సిరాతో పట్టుకోవడమే ఉద్యోగం. ఇంట్లో నేను పాలవాడికి చెప్పే మాటని కూడా దిద్దుతారు. సొంత తప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం కళ్ళజోడు కనిపించదు.

మీటరు వెనక వైర్ల గుత్తి ఉంది. ముల్లు కదలడానికి ఒక ఎర్రదీ ఒక నల్లదీ, లోపల వెలిగే చిన్న బల్బుకి ఒక తెల్లదీ ఇంకో నల్లదీ, ఇంజను దగ్గరికి వెళ్ళేది మరోటి. నల్లవి రెండూ ఎర్తువే, కారు ఇనుముకి బిగించాలి. ఈయన తల అడ్డంగా ఊపి, ఒకే మాట రెండుసార్లు ఎందుకు, దండగ అన్నారు. ప్రూఫులో అయితే ఒకటి కొట్టేస్తారు కదా, ఇక్కడా అదే చేశారు. నల్లవి రెండూ మెలిపెట్టి, దారంలాంటి ఒకే వైరుకి తగిలించి, డ్యాష్‌బోర్డు కింద ఏదో స్క్రూకి చుట్టేశారు. తెల్లదాన్ని లైట్ల స్విచ్చికి కలిపారు. కారు లైట్లు వేయగానే మీటరు పచ్చగా వెలిగింది. ఎంత పొందిగ్గా వచ్చిందో చూడమన్నారు. నాకేం తెలుసు, నేనూ మెచ్చుకున్నాను.

అప్పటికే అక్కకి గొంతు ఆపరేషనయింది. మా అక్క నోరు ఊరుకునే నోరు కాదు. రోజూ ఫోన్లో నా చెవి వేడెక్కేదాకా మాట్లాడేది. అలాంటి మనిషిని డాక్టర్లు నెలల తరబడి నోరు మెదపొద్దన్నారు. ఇప్పుడు ఫోను చేస్తే నేనే మాట్లాడాలి, తను ఫోను మీద గోరుతో కొడుతుంది. ఒక చప్పుడైతే అవును, రెండైతే కాదు. తింటున్నావా అంటే టక్. నొప్పి ఉందా అంటే టక్ టక్. ఫోను పెట్టేశాక నాకు ఏడుపొచ్చేది. తన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే తప్ప ఈ దిగులు తీరదని తెలుసు.

వెళ్దామంటే కుదిరేది శనివారం సాయంత్రమే. ఈయన ప్రెస్సు మూసేది అప్పుడు, ఆదివారం మధ్యాహ్నానికి నేను ఆసుపత్రి మందుల కౌంటర్లో డ్యూటీకి ఉండాలి. వస్తున్నామని చెప్పాను. టక్ అంది. బయల్దేరాం. సగం దారిలో పొద్దు వాలింది, ఈయన లైట్లు వేశారు, ముల్లు లేచి ఎర్రగీత మీద కూర్చుంది. కారు ఆపి, బానెట్ ఎత్తి, మొహం మాడ్చుకుని నిలబడి, ఇంజను పోతే దిక్కుండదని వెనక్కి తిప్పారు. రెండో శనివారమూ అదే చోట అదే కథ. బస్సెక్కి నేనొక్కదాన్నే పోతానని నెత్తీ నోరూ బాదుకున్నాను. కారు పెట్టుకుని బస్సులో వెళ్తే మీ బావ ఏమనుకుంటాడు అన్నారు. వారమంతా సాయంత్రాలు డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి, కాళ్ళు సీటు మీద పెట్టి, పిలిస్తే పలక్కుండా పడుకునేవారు. ఏం దొరికిందంటే, చూస్తున్నాను కదా అనేవారు.

మూడోసారి వస్తున్నామని అక్కకి చెప్పాను. ఈసారి రెండు చప్పుళ్ళు. టక్ టక్. మీరు రారు అని.

ఆ శనివారం కూడా చీకటి పడుతుండగా ముల్లు లేచింది. ఈయన కారు పక్కకి తీసి, దిగి, బానెట్ ఎత్తారు. ఒళ్ళు మండిపోతోంది నాకు. బ్యాటరీ కూడా పోతే ఇక్కడే కాపురం పెట్టాలి అనుకుంటూ చెయ్యి చాచి లైట్లు ఆపేశాను. ముల్లు దబ్బున కిందకి పడింది. వేశాను, లేచింది. ఆపాను, పడింది. ఉడికిపోయిన ఇంజను కంటి రెప్పపాటులో చల్లారదు కదా. పోయినసారి ఎర్రగీత మీద ముల్లు పెట్టుకుని, అదే కారుని ఇంటిదాకా నింపాదిగా నడిపిన మనిషి అప్పుడు గుర్తొచ్చాడు.

పిలిచి చూపించాను. ఆయన వేళ్ళు తుడుచుకున్నారు.

"తెలుసు. పోయినసారి వెనక్కి తిప్పాక తెలిసింది. నల్లవి రెండూ కలిపాను కదా, బల్బు వెలిగితే ముల్లు అబద్ధం చెప్తోంది. విడదీసి ఇంకో చోట బిగించాలి. ఎక్కడ బిగించాలో తెలీలేదు."

"తెలిసి మళ్ళీ ఎందుకాపారు?"

"ఈ మీటరు పెట్టుకుని మీ బావ గుమ్మంలోకి ఎలా వెళ్ళను?"

అక్కడ మా అక్క నన్ను నమ్మడం మానేసింది, ఇక్కడ ఈయనకి గోరంత బల్బు దగ్గర పరువు. బల్బు వైరు ఏదని అడిగాను. తెల్లదన్నారు. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి లాగిపారేశాను. మీటరు ఆరిపోయింది.

నడపండి అన్నాను. ముల్లు కనపడదే అన్నారు. నేను చూసి చెప్తానన్నాను. ఫోను లైటు మీటరు మీద పట్టుకుని, మధ్యలోనే ఉంది, మధ్యలోనే ఉంది అని దారంతా అప్పజెప్తూ కూర్చున్నాను. చెయ్యి పీకింది. ఈయన ఒక్క మాట కూడా దిద్దలేదు.

వాళ్ళ వాకిట్లో ఆగేసరికి బావ టార్చీతో బయటికొచ్చాడు, వెనకే అక్క. మెడకి గుడ్డ చుట్టుకుని సగమైపోయింది. బావ కళ్ళు ముందు మీటరు మీదకే పోయాయి. కిటికీలోంచి వంగి, వేలాడుతున్న తెల్ల వైరుని వేలితో ఎత్తి చూసి, నవ్వబోతూ నోరు తెరిచాడు.

అక్క కారు టాపు మీద గోరుతో కొట్టింది. టక్ టక్.

బావ నోరు మూసుకున్నాడు. మా ఆయన స్టీరింగు వైపే చూస్తూ ఉండి, చివరికి తనే చెప్పారు.

"నల్లవి రెండూ కలిపేశాను అన్నయ్యా. పొద్దున్నే ఎలా బిగించాలో చూపించు, నేనే చేస్తాను."

బావ సరేనని టార్చీ ఆయన చేతికిచ్చాడు. నేను దిగి అక్క చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నన్ను చూస్తే చాలనుకుంటుందని, అన్నీ మర్చిపోతుందని దారంతా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

"ఇంక నేను రాననే అనుకున్నావా?" అని అడిగాను.

నా మణికట్టు మీద గోరుతో ఒక్కసారి కొట్టింది. చెయ్యి మాత్రం వదల్లేదు.